సఫారీ కాదు, బస్టాండు: డర్బన్ నుంచి లివింగ్‌స్టన్ దాకా ఊళ్లు చూడటం ఎలా?

ఆఫ్రికా టూర్ ప్యాకేజీ అంటే మనకు తెలిసినవి మూడే. జీపులో సింహాలు, కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్, చివర్లో విక్టోరియా జలపాతం. అవి చూడాల్సినవే. కానీ అక్కడి జనం పొద్దున్నే ఏం తిని పనికి పోతారు, జీతం పడిన రోజు ఏం కొంటారు, ఆదివారం ఎక్కడికి వెళ్తారు అని తెలుసుకోవాలనుంటే ప్యాకేజీ బస్సు కిటికీ సరిపోదు. ఆ కుతూహలం ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నా సలహా ఒక్కటే. ఏ ఊళ్లో దిగినా మినీబస్సుల స్టాండు ఎక్కడుందో ముందు కనుక్కోండి. దక్షిణాఫ్రికాలో దాన్ని టాక్సీ ర్యాంక్ అంటారు, బోట్స్వానాలో బస్ ర్యాంక్ అంటారు. పగటిపూట దాని చుట్టుపక్కలే తిరగండి. ఊరికే చూస్తూ కాదు, చిన్నదో పెద్దదో ఏదో ఒకటి కొంటూ తిరగండి. ఎందుకంటే ఇక్కడి చాలా ఊళ్లను తెల్లవాళ్లు తమ కోసం కట్టుకున్నారు. నల్లవాళ్లను ఊరికి దూరంగా టౌన్‌షిప్పుల్లో ఉంచి, పొద్దున్న పనికి రమ్మని, సాయంత్రానికి వెళ్లిపొమ్మన్నారు. ఆ వివక్ష చట్టాలు పోయాయి గానీ ఆ దూరాలు పోలేదు. ఇప్పటికీ కూలీ, నర్సు, సెక్యూరిటీ గార్డు, కాలేజీ పిల్లలు అందరూ రోజుకు రెండుసార్లు ఆ స్టాండు మీదుగా పోవాల్సిందే. అందుకే టిఫిను, జడలు వేసే అమ్మాయిలు, చెప్పులు కుట్టేవాళ్లు, ఫోన్ బ్యాలెన్స్ అమ్మేవాళ్లు, ప్రార్థన చెప్పే పాస్టరు అంతా అక్కడే చేరారు.

దారి, కాలం, కాగితాలు

డర్బన్‌లో మొదలుపెట్టండి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ మీదుగా జోహానెస్‌బర్గ్ దాదాపు 570 కిలోమీటర్లు. అక్కడి నుంచి బోట్స్వానా రాజధాని గబొరోన్ 360, ఫ్రాన్సిస్‌టౌన్ ఇంకో 430, జింబాబ్వేలోని బులవాయో మరో 200, విక్టోరియా ఫాల్స్ పట్నం 440. వంతెన దాటితే జాంబియా, లివింగ్‌స్టన్. మొత్తం తారు రోడ్డే, ప్రతిచోటా ఇంగ్లీషు నడుస్తుంది. మూడు వారాలుంటే తీరిగ్గా వెళ్లొచ్చు. రెండే ఉంటే జోహానెస్‌బర్గ్ కుదించండి గానీ డర్బన్‌ని, బులవాయోని కుదించకండి.

మే నుంచి ఆగస్టు మధ్య వెళ్లండి. వానలుండవు, దోమలు తక్కువ. అయితే అది అక్కడ చలికాలం. జోహానెస్‌బర్గ్, గబొరోన్‌లలో రాత్రిళ్లు బాగా చలి, స్వెట్టరు తప్పనిసరి. ఇంకో సంగతి: జూన్‌లో డర్బన్‌లో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. మీ రోజు తెల్లవారుజామునే మొదలై నాలుగింటికి ముగిసేలా చూసుకోండి.

నాలుగు దేశాలకు వీసా నిబంధనలు వేర్వేరు, తరచూ మారుతుంటాయి కూడా. టికెట్ కొనేముందే ఒక్కొక్కటీ చూసుకోండి. తిరుగు ప్రయాణం జోహానెస్‌బర్గ్ మీదుగా పెట్టుకుంటే దక్షిణాఫ్రికా వీసా రెండోసారి లోపలికి రానిచ్చేదై ఉండాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు దండిగా ఉంచుకోండి, ప్రతి సరిహద్దులోనూ రెండేసి ముద్రలు పడతాయి. అడ్డిస్ అబాబాలోనో నైరోబీలోనో విమానం మారేటప్పుడు 12 గంటలకు మించి ఆగాల్సి వస్తే దక్షిణాఫ్రికాలో యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ఆ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా బెడద డర్బన్, జోహానెస్‌బర్గ్, గబొరోన్‌లలో లేదు. విక్టోరియా ఫాల్స్, లివింగ్‌స్టన్ వైపు ఉంది, కాబట్టి మాత్రల గురించి డాక్టరుని అడగండి.

చిన్న విషయమే గానీ పనికొస్తుంది: దక్షిణాఫ్రికా గోడ సాకెట్లు మన ఇళ్లలో గీజర్‌కి వాడే మూడు లావు పిన్నుల రకం. బయల్దేరేముందు హార్డ్‌వేర్ షాపులో ఆ ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కుంటే విమానాశ్రయంలో అడాప్టర్‌కి డబ్బులు పోయక్కర్లేదు. జింబాబ్వే, జాంబియాలో మాత్రం బ్రిటిష్ వాళ్ల చదరపు పిన్నుల ప్లగ్గు కావాలి.

ఏ రోజు చూస్తే ఏం కనబడుతుంది

ప్రయాణ పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ ఈ ఊళ్లకు నెలసరి లయ ఒకటుంది. 25వ తేదీ నుంచి జీతాలు పడతాయి. ఏటీఎంల ముందు క్యూలు వీధి మలుపు దాటతాయి. సూపర్‌మార్కెట్లలో పది, ఇరవై కిలోల మొక్కజొన్న పిండి బస్తాలు బండ్లకొద్దీ పోతాయి. జడలు వేసేవాళ్లకు తీరికుండదు. దక్షిణాఫ్రికాలో కొత్త నెల మొదటి వారంలో ప్రభుత్వ గ్రాంట్లు: ముందు ముసలివాళ్లవి, తర్వాత వికలాంగులవి, ఆపైన పిల్లలవి. ఆ రోజుల్లో ముసలమ్మలు మనవళ్లను వెంటేసుకుని టౌనుకు వస్తారు. వాళ్ల వెనకే దుప్పట్లు, అల్యూమినియం గిన్నెలు, కోడిపిల్లలు అమ్మేవాళ్లు వాలతారు. 15వ తేదీ వచ్చేసరికి అదే వీధి సగం ఖాళీ. మీ ప్రయాణంలో నెలాఖరు ఒకటి తప్పకుండా పడేలా చూసుకోండి. కాకపోతే జేబుదొంగలు కూడా అదే క్యాలెండరు పాటిస్తారు.

వారంలోనూ తేడా ఉంది. దక్షిణాఫ్రికా చిన్న ఊళ్లలో శనివారం మధ్యాహ్నానికే షట్టర్లు దిగుతాయి. టౌన్‌షిప్పుల్లో శనివారం అంత్యక్రియల రోజు. వీధిలో పెద్ద టెంటు, బయట పొయ్యిల మీద డేగిసాలు కనిపిస్తే అది పెళ్లి అనుకుని లోపలికి నడవకండి. ఆదివారం టౌను నిర్మానుష్యం, జనమంతా చర్చిలోనే. చర్చి అంటే భవనమే ఉండాలని లేదు. బోట్స్వానా, జింబాబ్వేల్లో రోడ్డు పక్క చెట్టు కింద తెల్లని అంగీలు తొడుక్కున్న గుంపులు గంటల తరబడి పాడుతూ కనిపిస్తాయి. దూరం నుంచి కాసేపు నిలబడి వినొచ్చు, ఫోన్ మాత్రం బయటకు తీయొద్దు. ఆకుపచ్చ గుడ్డ ముక్క మీద వెండి నక్షత్రం పిన్ను చేసుకున్నవాళ్లు వారమంతా ఎక్కడ చూసినా కనబడతారు. వాళ్లు జయన్ క్రిస్టియన్ చర్చి భక్తులు. దక్షిణాఫ్రికాలో పోలోక్వానే దగ్గర మోరియాలో ఉంది వాళ్ల కేంద్రం, ఈస్టర్‌కి దేశం నలుమూలల నుంచీ అక్కడికి బస్సుల్లో వెళ్తారు.

ముందు పలకరింపు, తర్వాతే పని

"ఎక్స్‌క్యూజ్ మీ, బస్సు ఎక్కడ?" అని నేరుగా అడిగితే సమాధానం చెబుతారు గానీ మొహం చిన్నబుచ్చుకుంటారు. ముందు పలకరించాలి, వాళ్లు తిరిగి పలకరించే దాకా ఆగాలి, ఎలా ఉన్నారని ఒక వరస అయ్యాకే పని చెప్పాలి. సూపర్‌మార్కెట్ క్యాషియర్ దగ్గర కూడా ఇంతే. డర్బన్‌లో "సావుబోనా", ఇద్దరు ముగ్గురుంటే "సానిబోనాని". బోట్స్వానాలో ఆడవాళ్లకు "డుమేలా మ్మా", మగవాళ్లకు "డుమేలా ర్రా". బులవాయోలో "సలిబొనాని", లివింగ్‌స్టన్‌లో "ములి బ్వాంజి". ఉచ్చారణ తప్పినా ఫర్వాలేదు, నవ్వుతారు, దిద్దుతారు, అక్కడి నుంచి మాట నడుస్తుంది.

డబ్బులు ఇచ్చినా సరుకు తీసుకున్నా కుడిచేత్తోనే, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి. గుళ్లో తీర్థం తీసుకునేటప్పుడు మనలో కొందరు చేసేదే కాబట్టి ఇది మనకు ఇట్టే అలవడుతుంది. తెల్ల టూరిస్టులు నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది.

డర్బన్: వార్విక్ జంక్షన్‌లో ఒక పొద్దు

తెల్లవారుజామున ఆరు లోపే వార్విక్ జంక్షన్ చేరండి. రైల్వే స్టేషను, బస్సులు, టాక్సీ ర్యాంకులు, వాటి మధ్య తొమ్మిది మార్కెట్లు అల్లుకుపోయి ఉన్న చోటిది. మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. వీధి వ్యాపారులతో పనిచేసే ఆసియే ఎటాఫులేని అనే సంస్థ ఇక్కడ నడక టూర్లు నడుపుతుంది. గైడ్లకు వ్యాపారులందరూ తెలుసు, కాబట్టి మీకూ మర్యాద దక్కుతుంది.

ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌తో మొదలుపెట్టండి. 1910 నుంచి ఉన్న కూరగాయల మార్కెట్టు. గంపల్లో కరివేపాకు, కొత్తిమీర, బెండకాయలు, సన్న పచ్చిమిర్చి, ఒక పక్క బతికున్న కోళ్లు. దీన్ని నిలబెట్టింది చెరకు తోటల్లో కూలి ఒప్పందం తీరాక సొంతంగా కూరగాయలు పండించిన భారతీయ రైతులు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందిని డర్బన్ రేవులో దించింది. 1911 దాకా అలా సుమారు 1,52,000 మంది వచ్చారు. వాళ్లలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. 1931లో ఇక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. ఇళ్లలో తెలుగు దాదాపు పోయింది, నాయుడు, రెడ్డి, అప్పలసామి అనే పేర్లు మిగిలాయి. ఆ పేరు బోర్డు మీద చూసి పొంగిపోయి "ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు?" అని మాత్రం అడగకండి. ఐదో తరం దక్షిణాఫ్రికావాసికి అది చివుక్కుమనే ప్రశ్న. మనం తెలుగువాళ్లమని చెప్పి ఊరుకుంటే చాలు, ముత్తవ్వ కబుర్లు వాళ్లే ఎత్తుతారు.

అక్కడి నుంచి మెట్లెక్కి మూలికల మార్కెట్టుకు వెళ్లండి. కట్టడం సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద ఉంటుందిది. చెట్ల బెరళ్లు, ఉల్లిగడ్డల్లాంటి దుంపలు, ఎండిన వేర్లు, దంచే రోళ్ల చప్పుడు. జులు తెగ వైద్యులు, రోగులు ఇద్దరూ ఇక్కడే కొంటారు. ఇంపేఫో అనే ఎండు ఆకుల కట్ట ఒకటి కొనండి. పితృదేవతలకు ధూపం వేసేది అదే. అమ్మే ఆవిడ దాన్ని ఎలా వెలిగించాలో చూపిస్తుంది, ఆ సాకుతో పది నిమిషాలు పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్లను చూడొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే ఆవు తలకాయలు ఉడికించి అమ్మే మార్కెట్టు. చూడలేమనుకునేవాళ్లు గైడుకు ముందే చెప్పండి.

పదకొండింటికి ఆకలేస్తే బన్నీ చౌ తినండి. బ్రెడ్డు దిమ్మను నాలుగో వంతు కోసి, మధ్యలో తవ్వి కూర పోసి ఇస్తారు. శాకాహారులు "క్వార్టర్ బీన్స్" అని అడగాలి. స్పూను అడగొద్దు. పైన పెట్టిన మెత్తని ముక్కను కూరలో ముంచి మొదలుపెట్టి, గోడలు కూలకుండా పైనుంచి కిందికి తింటూ రావాలి.

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక పూట చాలు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని రైల్లోంచి దింపేసిన స్టేషన్ ఇదే. ఫలకం చూసి, ఊరి మధ్య చర్చ్ స్ట్రీట్‌లో ఆయన విగ్రహం పక్కన బెంచీ మీద మధ్యాహ్నం గడిపేయండి.

మినీబస్సు ఎక్కే పద్ధతి

దూర ప్రయాణాలకు పగటిపూట నడిచే పెద్ద బస్సులు మేలు. ఊళ్లో తిరగడానికి ఒక్కసారైనా మినీబస్సు ఎక్కాలి. పదిహేను మంది పట్టే తెల్ల టొయోటా వ్యాను, నిండితేనే కదులుతుంది. టైం టేబుల్ అడిగితే నవ్వుతారు. రోడ్డు మీద ఆపాలంటే చేతి సైగలుంటాయి. జోహానెస్‌బర్గ్‌లో చూపుడువేలు పైకెత్తితే సిటీ సెంటర్‌కి అని అర్థం.

అసలు చూడాల్సింది బండి కదిలాక. అక్కడ చాలా బండ్లలో కండక్టరుండడు. చివరి వరసలో నలుగురి డబ్బులు ఒకరు పోగుచేసి ముందువాళ్ల భుజం తడతారు, "నలుగురివి" అంటారు. ఆ నోట్లు వరస దాటి వరస ముందుకు పోతాయి, ప్రతి వరస తమది కలుపుతుంది. డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు మొత్తం లెక్కేసి, ఎవరికెంత చిల్లర రావాలో తేల్చి వెనక్కి పంపుతారు. ముక్కూమొహం తెలియని పదిహేను మంది మధ్య 50 ర్యాండ్ల నోటు వెళ్లి, సరైన నాణేలు సరైన చేతికి తిరిగొస్తాయి. తేడా వస్తే బండి మొత్తం కలిసి లెక్క సరిచేస్తుంది. మీకు మనసులో లెక్కలు చేసే అలవాటు లేకపోతే ముందు సీటు జోలికి పోకండి. 200 నోటు తీసినా అందరి చూపూ మీ మీదే, 10, 20 నోట్లు విడిగా పెట్టుకోండి. దిగాలంటే బెల్లుండదు, గట్టిగా చెప్పాలి. ట్రాఫిక్ సిగ్నల్‌ని అక్కడ రోబోట్ అంటారు కాబట్టి "ఆఫ్టర్ రోబోట్" అంటే సిగ్నల్ దాటాక ఆపుతాడు.

గబొరోన్ నుంచి బులవాయో

జోహానెస్‌బర్గ్ నుంచి వచ్చాక గబొరోన్ ప్రశాంతంగా అనిపిస్తుంది. బస్ ర్యాంక్ రైల్వే స్టేషన్ పక్కనే. మధ్యాహ్నం పన్నెండున్నరకు మెయిన్ మాల్‌కు వెళ్లండి. పేరు మాల్ అయినా అది బండ్లు తిరగని వీధి. ప్రభుత్వ ఆఫీసుల వాళ్లు భోజనానికి వస్తారు, ఆడవాళ్లు పెద్ద పెద్ద డబ్బాల్లో ఇంటి వంట తెచ్చి వడ్డిస్తారు. బోగోబె అడగండి, జొన్నపిండితో చేస్తారు, మన జొన్న సంకటిలాగే ఉంటుంది. పక్కన మొరోగో అనే ఆకుకూర, చిక్కుడు గింజలు, ఇష్టముంటే మదీలా అనే పుల్లటి పాలు. మాంసం తినేవాళ్లకు సెస్వా ఉంటుంది, ఉప్పేసి ఉడికించి దంచిన గొడ్డు మాంసం. కరకరలాడే ఫానే కూడా పొట్లాల్లో అమ్ముతారు. అవి మొపానే చెట్టు గొంగళిపురుగులు. రుచి చూడకపోయినా కొనే అమ్మలు ఎలా ఏరుకుంటారో చూడండి.

ఫ్రాన్సిస్‌టౌన్ బస్సులో కిటికీ సీటు పట్టండి. మహలాప్యే, పలాప్యే లాంటి చోట్ల బస్సు ఆగగానే ఉడికిన గుడ్లు, మగ్వీన్యా అనే మైదా బోండాలు బుట్టల్లో లోపలికే వస్తాయి. దారిలో డిబెటే దగ్గర కంచె, గేటు వస్తాయి. అది పోలీసు చెక్‌పోస్టు కాదు, పశువైద్య శాఖది. గాలికుంటు వ్యాధి ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పాకకుండా దేశాన్ని కంచెలతో విడగొట్టారు. యూరప్‌కు గొడ్డు మాంసం ఎగుమతి దాని మీదే ఆధారపడి ఉంది మరి. ఇలాంటి చోట్ల ఒక్కోసారి అందరినీ దింపుతారు. మందు నీళ్లలో తడిపిన పట్టా మీద చెప్పులు అద్ది నడవాలి, బస్సు టైర్లు మందు గుంటలోంచి పోవాలి, సంచుల్లో పచ్చి మాంసముంటే తీసేసుకుంటారు. సూటు వేసుకున్న ఆఫీసరు, చంకలో పిల్లతో తల్లి, మీరు ఒకరి వెనక ఒకరు ఆ తడి పట్టా తొక్కుతుంటే ఆ దేశంలో పశువు ఎంత విలువైనదో అర్థమవుతుంది.

ఫ్రాన్సిస్‌టౌన్ దాటాక సరిహద్దులో ఓపిక కావాలి. మీ బస్సులో సగంమంది జింబాబ్వే ఆడవాళ్లే ఉండొచ్చు. నూనె డబ్బాలు, సబ్బులు, దుప్పట్లు కొని తీసుకెళ్లి అమ్ముకునే చిరు వ్యాపారులు. కస్టమ్స్ దగ్గర ఆలస్యం మీ వల్ల కాదు, ఆ మూటల వల్ల. విసుక్కోకుండా మీ సంచి మీరు పట్టుకుని కూర్చోండి. వేరేవాళ్ల మూట "కాస్త మీదని చెప్పండి" అని అడిగితే నవ్వుతూనే కాదనండి.

జింబాబ్వేలో సొంత కరెన్సీ జిగ్ 2024లో వచ్చినా జనం చేతుల్లో తిరిగేది ఎక్కువగా అమెరికా డాలర్లే. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఇండియా నుంచే తీసుకెళ్లండి. ఇరవై ఇస్తే చిల్లర లేదంటారు, చాక్లెట్లు చేతిలో పెట్టినా పెడతారు. మనకు తెలియని పద్ధతేం కాదు. బులవాయో వీధులు చాలా వెడల్పు. ఎడ్లబండి మొత్తం ఒక్కసారి తిరిగేంత ఉండాలని పాతరోజుల్లో అలా గీశారట. అందుకే నడవడానికి హాయి. సిటీ హాల్ చుట్టూ పూలు, బుట్టలు అమ్మేవాళ్ల దగ్గర కూర్చోవచ్చు. తర్వాత దూరపు బస్సులు కదిలే రెంకిని స్టాండులో గంట గడపండి. బస్సు పైకప్పు మీదికి ఏమేం ఎక్కుతున్నాయో చూస్తే పల్లెలకు పట్నం నుంచి ఏం పోతుందో తెలిసిపోతుంది.

ఫోటోలు, దొంగలు

మనుషుల్ని అడగకుండా ఫోటో తీయొద్దు. ముందు ఏదైనా కొనండి, మాట్లాడండి, తర్వాత అడగండి. సరిహద్దులు, పోలీసులు, సైనికులు, అధ్యక్షుల నివాసాల వైపు కెమెరా అసలు ఎత్తొద్దు.

డర్బన్, జోహానెస్‌బర్గ్‌లలో చీకటి పడ్డాక నడవకండి, రెండు వీధులైనా యాప్‌లో కారు పిలవండి. ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తూ నడవడం కన్నా ఏదైనా షాపులోకి దూరి చూసుకోవడం నయం. ఏటీఎం దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లు కార్డు మార్చేస్తారు. ఎంత మర్యాదస్తుడిలా ఉన్నా వద్దనండి, కార్డు తీసుకుని వెళ్లిపోండి. బ్యాంకు లోపలి ఏటీఎం, అదీ పగలే వాడండి. ఇవన్నీ అక్కడివాళ్లు కూడా పాటించేవే, కాబట్టి మిమ్మల్ని పిరికివాళ్లనుకోరు.

వంతెన అవతల

విక్టోరియా ఫాల్స్ నుంచి లివింగ్‌స్టన్ వైపు 1905 నాటి వంతెన మీదుగా నడిచే వెళ్లండి. లోయలోంచి లేచే తుంపర మొహాన పడుతుంటే, పక్కనే సైకిళ్ల మీద బస్తాలు కట్టుకుని తోసుకుపోయే వ్యాపారులు కనబడతారు. టూరిస్టుల ధ్యాసంతా జలపాతం మీదే ఉంటుంది, వీళ్లను గమనించేవాళ్లు తక్కువ. అవతల టాక్సీ పట్టుకుని టౌనుకు, మర్నాడు పొద్దున్నే మరంబా మార్కెట్‌కు వెళ్లండి. ఎండిన కపెంటా చేపలు గుట్టలుగా, చితెంగే గుడ్డల తానులు, తొక్కుడు మిషన్ల మీద దర్జీలు. ఒక పక్క విదేశాల నుంచి మూటలుగా వచ్చిన పాత బట్టల వరసలు, వాటిని అక్కడ సలౌలా అంటారు. కొత్త మూట విప్పే వేళకు ఆడవాళ్లు చుట్టూ కమ్ముకుంటారు. ఆ బేరం చూడాలి. చితెంగే రెండు మీటర్లు కొని అక్కడే దర్జీకిస్తే ఆ సాయంత్రానికో మర్నాటికో చొక్కా కుట్టి ఇస్తాడు, కుట్టేంతసేపూ అతని బల్ల పక్కన మీకు కుర్చీ దొరుకుతుంది.

మధ్యాహ్నం న్షిమా తినండి, మొక్కజొన్న పిండి సంకటి అది. ముందు చెంబుతో నీళ్లు పోస్తారు, చేతులు కడుక్కోవాలి. పెద్దవాళ్ల చేతులు ముందు కడగనివ్వండి. చిన్న ముద్ద తీసి అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో నొక్కి, ఆ గుంటలో కూర ఎత్తుకోవాలి. శాకాహారులు ఇఫిసాషి అడగండి, వేరుశనగ పొడి వేసి ఉడికించిన ఆకుకూర. చేత్తో తినే మీ వేగం చూసి పక్క బల్లవాళ్లు తప్పకుండా ఏదో ఒకటి అడుగుతారు.

జాంబియా డబ్బు క్వాచాలు దేశం దాటితే మార్చడం కష్టం. చివరి రోజున మిగిలినవి వేరుశనగ పప్పుకో ఇంకో చితెంగేకో ఖర్చు పెట్టేయండి. విమానాశ్రయం టాక్సీకి సరిపడా మాత్రం విడిగా, చిన్న నోట్లలో ఉంచుకోండి.